కోడికి పొగ ఎంత, సెగ ఎంత

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, ఎలక్ట్రానిక్ సిటీ వైపు తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే ఇళ్ల మేడల మీద, శివార్లలోని ఫామ్‌హౌస్‌లలో బార్బెక్యూ పొయ్యి ఇప్పుడు వింత వస్తువేమీ కాదు. కడ్డీలకు గుచ్చిన చికెన్ ముక్కలు, రొయ్యలు, పనీర్ వరకు వ్యవహారం సాఫీగానే సాగుతుంది. చిక్కంతా కోడిని ముక్కలు కొట్టకుండా మొత్తంగా పొయ్యి మీద పెట్టినప్పుడే వస్తుంది. పైన మసాలా నల్లగా మాడుతుంది, తొడ కీలు దగ్గర కత్తి దింపితే ఎర్రటి నీరు కారుతుంది, ఆ పచ్చి పోయేదాకా ఆగితే రొమ్ము కండ పీచులా ఎండిపోతుంది. అప్పుడు మసాలాను తప్పుపట్టడం, వచ్చేసారి ఇంకో పూట ఎక్కువ నానబెట్టడం మామూలుగా చేసే సవరణలు. నిజానికి ఇందులో మసాలా పాత్ర చాలా చిన్నది. దుకాణంలో ఏ కోడిని ఎలా అడిగి తెచ్చారు, దాన్ని ఆ రాత్రి ఎలా ఉంచారు, నిప్పులను పొయ్యిలో ఏ పక్కన పోశారు అన్నవే మొత్తం కోడి తలరాతను దాదాపు పూర్తిగా తేల్చేస్తాయి.

కోడి శరీరంలో స్వభావం వేరైన రెండు రకాల కండలు పక్కపక్కనే ఉంటాయి. రొమ్ము కండలో కొవ్వు తక్కువ; బ్రాయిలర్ ఎగరదు కనుక దానికి పనీ తక్కువే. లోపలి వేడి 65 డిగ్రీల సెల్సియస్ దాటిన దగ్గర్నుంచి అందులోని ప్రోటీన్ బిగుసుకుని నీటిని పిండేయడం మొదలుపెడుతుంది. 75 దాటి కాసేపు నిలిస్తే ఎంత మంచి కోడైనా గొంతుకు అడ్డం పడుతుంది. తొడ, కాలు పొద్దస్తమానం బరువు మోసే కండలు. వాటిలో కండపోగులను కట్టి ఉంచే కొల్లాజెన్ ఎక్కువ కాబట్టి, అది మెత్తబడి జెలటిన్‌గా మారడానికి 77 నుంచి 82 డిగ్రీల దాకా వేడెక్కాలి. అంటే ఒకే కోడిలో ఒక భాగాన్ని దించేయాల్సిన సమయానికి ఇంకో భాగం ఇంకా నమలడానికి సిద్ధపడి ఉండదు. కూరలో ఈ తేడా బయటపడదు. ముక్క ఎండినా పులుసు దాన్ని కాపాడుతుంది. నిప్పు మీద అలాంటి కాపుదల ఏదీ లేదు కనుక, రొమ్ముకు తక్కువ వేడి, తొడకు ఎక్కువ వేడి అందేలా పొయ్యినే అమర్చుకోవాలి.

ఇక్కడే తందూరి కోడి అలవాటు చాలామందిని పక్కదారి పట్టిస్తుంది. తందూర్ లోపల వేడి 400 డిగ్రీలకు పైగా ఉంటుంది. అందులో దించే కోడి సాధారణంగా కిలో లోపు బరువున్న లేత కోడి, చర్మం తీసేసి గాట్లు పెట్టినది. ఆ వేడికి ఆ చిన్న కోడి నిమిషాల్లో కాలిపోతుంది కాబట్టి ఎండిపోయే వ్యవధే దొరకదు. మేడ మీది పొయ్యిలో కిలోన్నర కోడిని నేరుగా నిప్పుల నెత్తిన పెట్టి అదే ఫలితం ఆశించడం వృథా. సెగ చర్మాన్ని మాడ్చినంత వేగంగా వేడి ఎముక దాకా ప్రయాణించలేదు.

మొత్తం కోడికి కావలసింది ఎదురు సెగ కాదు, చుట్టూ తిరిగే వేడిగాలి. అందుకు రెండు వసతులు కావాలి: నిప్పులన్నీ ఒక పక్కకు చేర్చి రెండో పక్కను ఖాళీగా వదలడం, పైన మూత ఉండడం. 1952లో అమెరికాలోని షికాగో ప్రాంతంలో వెబర్ బ్రదర్స్ అనే లోహపు పనుల కంపెనీలో పనిచేసే జార్జ్ స్టీఫెన్, సముద్రంలో దారి చూపే ఇనుప బోయా గోళాన్ని సగానికి కోసి, ఒక సగాన్ని పొయ్యిగా, మరో సగాన్ని మూతగా మార్చి కెటిల్ గ్రిల్‌ను తయారుచేశాడు. బార్బెక్యూ చరిత్రలో ఆ మూతకున్న విలువను ఎంత చెప్పినా తక్కువే. మూతతో పొయ్యి ఓవెన్ అవుతుంది, గాలిని అదుపుచేసే కన్నాలతో వేడి అదుపులోకి వస్తుంది, పొగ కోడిని చుట్టుకుని కాసేపు నిలుస్తుంది. బెంగళూరులో వెల్డింగ్ షాపుల్లో పాత 200 లీటర్ల డ్రమ్మును నిలువునా కోయించి కీళ్లు పెట్టించి చేయించుకునే పొయ్యిలు కూడా ఈ పనికి చక్కగా సరిపోతాయి; అయితే రసాయనాలు నిల్వచేసిన డ్రమ్ము ఎంత చౌకగా దొరికినా తీసుకోకూడదు. నూనె డ్రమ్మునైనా మొదట లోపలి పూతంతా కాలిపోయేలా పెద్ద మంటతో కాల్చి, తోమి, ఆ తర్వాతే వంటకు వాడాలి. జింకు పూత ఉన్న రేకులను, జాలీలను నిప్పు దగ్గరికి రానివ్వకపోవడమే మంచిది.

ఇక దుకాణం సంగతి. బెంగళూరు చికెన్ షాపుల బోర్డు మీద విత్ స్కిన్ ఒక ధర, స్కిన్‌లెస్ మరో ధర విడివిడిగా రాసి ఉంటాయి. నోరు తెరిచి అడగకపోతే దక్కేది చాలాసార్లు స్కిన్‌లెస్సే. కూరకు అది సరిపోతుంది గానీ నిప్పు మీద మొత్తం కోడికి చర్మమే కవచం. చర్మం కింది కొవ్వు కరుగుతూ కండ మీదుగా జారుతుంది, చర్మం కండలోని తేమ ఆవిరయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, పొగ రంగు, రుచి ముందుగా పట్టేది దానికే. చర్మం ఒలిచిన కోడిని గంటసేపు కాలిస్తే పైపొర అట్టలా తయారవడం ఖాయం.

చర్మంతో అడిగినప్పుడు దుకాణంలో జరిగే పని కూడా మారుతుంది. స్కిన్‌లెస్ అయితే ఈకలతో సహా చర్మాన్ని ఒక్క లాగుతో ఒలిచేస్తారు. చర్మంతో కావాలంటే కోడిని వేడినీళ్లలో ముంచి, రబ్బరు వేళ్లున్న మిషన్‌లో వేసి ఈకలు రాలగొడతారు. నీళ్లు మరీ కాగి ఉంటే చర్మం అక్కడక్కడా చిరుగుతుంది, ముఖ్యంగా రొమ్ము మీద. ఆ చిరుగు నిప్పు మీద సాగి పెద్దదవుతుంది, కింది కండ ఆ మేరకు ఎండుతుంది. కాబట్టి తూకానికి ముందే రొమ్ము వైపు చూసి తీసుకోవడం అవసరం. బతికున్నప్పుడు రెండు కిలోలున్న బ్రాయిలర్ చర్మంతో శుభ్రం చేశాక సుమారు కిలో నాలుగు వందల గ్రాములు తూగుతుంది; మామూలు ఇంటి పొయ్యికి అదే అనువైన సైజు. అంతకంటే పెద్ద కోడిలో రొమ్ము మందం పెరిగి, తొడ కాలేలోపు పైపొర ఎండిపోయే ప్రమాదం ఎక్కువవుతుంది.

నిజానికి చర్మం, పొగ తెలుగు వంటకు కొత్తవి కావు. పల్లెల్లో నాటుకోడి ఈకలు పీకాక ఒళ్లంతా పసుపు రాసి, తాటాకు మంట మీదో గడ్డి మంట మీదో తిప్పుతూ కాల్చి, ఆ తర్వాత చర్మంతోనే ముక్కలు కొట్టి కూర వండడం తరతరాల పద్ధతి. ఆ కాల్పుతో మిగిలిన నూగు పోతుంది, చర్మం బిగుస్తుంది, కూరలోకి సన్నటి పొగ వాసన వస్తుంది. ఊరి నాటుకోడి కూర రుచి నగరంలో రావడం లేదని చెప్పుకునేవారు చాలామంది కోడి జాతిని మాత్రమే కారణంగా చూపుతారు. ఈ మంట మీది కాల్పు పోవడం కూడా అంతే ముఖ్యమైన కారణం.

ఆదివారం మధ్యాహ్నం కోయించిన కోడిని ఆ సాయంత్రానికే పొయ్యి ఎక్కించడం మరో తొందరపాటు. కోసిన తర్వాత కండలు కొన్ని గంటల పాటు బిర్రబిగుసుకుని, ఆ తర్వాత మెల్లగా సడలుతాయి. ఆ బిగువు ఉండగానే కూరకు ఎక్కిస్తే ఎక్కువసేపు ఉడకడం వల్ల లోపం కప్పబడిపోతుంది. కాల్చినప్పుడు మాత్రం కండ రబ్బరులా తగులుతుంది. శనివారమే తెచ్చి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే ఈ బాధ తీరుతుంది. అదే రాత్రి ఉప్పు పని, చర్మం ఆరడం అనే పని కూడా పూర్తవుతాయి.

ఉప్పు లెక్క సులువు. కోడి బరువులో వందకు ఒకటి, ఒకటింబావు వంతు, అంటే కిలో నాలుగు వందల గ్రాముల కోడికి 14 నుంచి 17 గ్రాములు, దాదాపు మూడు చెంచాల మెత్తటి ఉప్పు. దాన్ని పైన, కడుపు లోపల, వీలైతే వేళ్లతో రొమ్ము చర్మాన్ని జాగ్రత్తగా వదులుచేసి దాని అడుగున కూడా పట్టించాలి. మొదటి గంటలో ఉప్పు కండలోంచి నీటిని బయటికి లాగుతుంది, తర్వాత ఆ ఉప్పునీరే తిరిగి లోపలికి ఇంకుతుంది. ఉప్పు ఇంకిన ప్రోటీన్ వేడికి తక్కువగా ముడుచుకుంటుంది, అందుకే నీరు ఎక్కువ నిలుస్తుంది. పెరుగు, నిమ్మరసం, అల్లంవెల్లుల్లి ముద్దల ప్రభావం పైపొరకే పరిమితం. రాత్రంతా నానబెట్టినా లోతుకు చేరేది ముఖ్యంగా ఉప్పే. ఇది మసాలాను తక్కువ చేయడం కాదు. మసాలా పని చర్మం మీద రుచిని నిలపడం. కండను మెత్తబరిచే భారం దాని మీద మోపితే రెండూ చెడతాయి.

ఉప్పు రాసిన కోడిని మూత లేకుండా పళ్లెంలో పెట్టి ఫ్రిజ్ అడుగు అరలో ఉంచితే తెల్లారేసరికి చర్మం కాగితంలా ఆరుతుంది. అడుగు అరలోనే ఎందుకంటే పచ్చి కోడి నీరు కింద ఉన్న పెరుగు మీదో కూరగాయల మీదో కారకూడదు. చర్మం తడిగా ఉన్నంతసేపు పొయ్యి వేడంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. రంగు తిరగడం, కరకరలాడడం ఆ నీరు పోయాకే మొదలవుతాయి. పసుపు వేసి కుళాయి కింద కోడిని గట్టిగా కడగడం మన ఇళ్లలో పాతుకుపోయిన అలవాటే అయినా, సూక్ష్మజీవుల్ని చంపేది ఆ కడుగుడు కాదు, వేడి. కుళాయి చిందులు సాల్మొనెల్లా, కాంపైలోబ్యాక్టర్ వంటివాటిని సింకు చుట్టూ చల్లుతాయి. దుకాణం నుంచి వచ్చిన కోడికి రక్తం, ఈక తునకలు ఉంటే గిన్నెలో నీళ్లు పోసి నిదానంగా కడిగి, బట్టతో పూర్తిగా తుడవడం చాలు.

పొగ విషయంలో అపోహలు ఇంకా ఎక్కువ. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో గొడ్డు మాంసం, పంది భుజం వంటి పెద్ద ముక్కలను 110 డిగ్రీల దగ్గర పన్నెండు గంటలు, అంతకు పైగా కూడా పొగలో ఉంచుతారు. అక్కడ ఆ ఓపిక అవసరం, ఎందుకంటే ఆ ముక్కల్లో గట్టి కొల్లాజెన్ చాలా ఉంటుంది. లేత బ్రాయిలర్‌కు ఆ అవసరమే లేదు. 110 డిగ్రీల పొగలో మూడు గంటలు ఉంచిన కోడి లోపల ఉడుకుతుంది గానీ, చర్మం కింది కొవ్వు పూర్తిగా కరగక, పైతేమ పోక, చర్మం తోలులా సాగుతుంది. పొయ్యి లోపలి వేడిని 160 నుంచి 180 డిగ్రీల మధ్య నిలిపితే పొగ రుచి తగినంత పట్టడంతో పాటు చర్మమూ దారికి వస్తుంది. పొగబెట్టడం వేరు, కాల్చడం వేరు అని విడదీయకుండా రెండూ ఒకే గంటలో జరిగేలా చూసుకోవడమే కోడికి తగిన పద్ధతి.

పొగలోని రుచి ఎక్కువగా కట్టెకు గట్టితనాన్నిచ్చే లిగ్నిన్ అనే పదార్థం నుంచి వస్తుంది. లిగ్నిన్ వేడికి విడిపోయినప్పుడు గ్వయకాల్, సిరింగాల్ అనే పదార్థాలు పుడతాయి. పొగ రుచిగా, పొగ వాసనగా నాలుకకు, ముక్కుకు తెలిసేవి ప్రధానంగా అవే. గాలి చాలక కట్టె కుమిలితే దట్టమైన తెల్లటి పొగ వస్తుంది, దాంతో చేదు తారు చర్మం మీద పేరుకుంటుంది. గాలి సరిగా ఆడితే కంటికి ఆనీ ఆనని పల్చటి నీలి పొగ వస్తుంది. ఎంత పొగ కనిపిస్తే అంత రుచి అనుకోవడం అందుకే తప్పు. చల్లటి, కాస్త చెమర్చిన పైపొరకు పొగ బాగా అంటుకుంటుంది కాబట్టి, కోడిని ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే పొయ్యి ఎక్కించి, మొదటి అరగంటలోనే పొగ పని ముగించవచ్చు. పిడికెడంత ఎండు కట్టె ముక్కలు రెండు వేస్తే ఒక కోడికి చాలు. వాటిని నీళ్లలో నానబెట్టమనే సలహా విస్తారంగా ప్రచారంలో ఉంది గానీ, గట్టి కట్టెలోకి నీరు లోతుగా దిగదు; పైన అంటిన నీరు ఆవిరై నిప్పును చల్లార్చడం తప్ప ప్రయోజనం లేదు.

బెంగళూరులో మంచి కట్టెకు కొదవ లేదు. మామిడి, జామ కొమ్మలు కోడికి ఎంతో అనువైనవి. వాటి పొగ సౌమ్యంగా ఉంటుంది. కొడగు, చిక్కమగళూరు కాఫీ తోటల్లో పాత మొక్కలను కొట్టేసినప్పుడు వచ్చే కట్టె దట్టమైనది, నిదానంగా మండుతుంది, అదీ మంచిదే. నగరం చుట్టూ విరివిగా కనిపించే నీలగిరి చెట్టు కట్టెను మాత్రం దూరం పెట్టాలి. అందులోని నూనె వాసన మాంసానికి పడుతుంది. వేపకట్టె పొగా చేదే. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కల ప్రసక్తే రాకూడదు.

బొగ్గు దగ్గర తెలుగు నేలకు సంబంధించిన ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. దక్షిణాదిలో అమ్ముడయ్యే కట్టె బొగ్గులో పెద్ద వాటా సర్కారు తుమ్మది. కర్ణాటకలో దాన్నే బళ్లారి జాలి అంటారు, తమిళనాట సీమై కరువేలం. పొలాలను, చెరువులను ఆక్రమించే మొండి కంపగా రైతులు దాన్ని తిట్టుకుంటారు, ఆ తిట్టులో న్యాయమూ ఉంది. ఆ చెట్టు ఈ దేశపుది కాదు. 1877 ప్రాంతంలో విదేశీ విత్తనం తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటించారు. అమెరికాలోని టెక్సాస్‌లో బార్బెక్యూకు పేరు మోసిన మెస్కీట్ కట్టెకు, పెరూ దేశంలో కోళ్లను కాల్చడానికి వాడే అల్గరోబో బొగ్గుకు ఇది దగ్గరి చుట్టం. అంటే పెరూలో ప్రత్యేకంగా కోరుకునే నిప్పే మన చేను గట్టున ఉచితంగా పెరుగుతోంది. పచ్చి కట్టెగా దాని పొగ ఘాటుగా ఉండి కోడిని మింగేస్తుంది. బొగ్గుగా మాత్రం గట్టిగా, వేడిగా, చాలాసేపు నిలుస్తుంది. సర్కారు తుమ్మ బొగ్గు వేడికి, మామిడి కట్టె వాసనకు అనుకుంటే మేలైన జోడీ కుదిరినట్లే.

ఆ పెరూ కోడి ప్రస్తావన ఇక్కడ అవసరం. 1950లో లిమా నగరం దగ్గర సాంటా క్లారాలో రోజర్ షూలర్ అనే స్విట్జర్లాండ్ దేశస్థుడు లా గ్రాంఖా అసూల్ అనే చోట కోళ్లను శూలాలకు గుచ్చి నిప్పుల ముందు తిప్పుతూ కాల్చి అమ్మడం మొదలుపెట్టాడు. పొయ్యో అ లా బ్రాసా అనే ఆ వంటకం ఇప్పుడు ఆ దేశమంతటా ప్రియమైన భోజనం. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాబర్ట్ బేకర్ అదే కాలంలో నూనె, వెనిగర్, గుడ్డు కలిపిన పూతతో కోడిని కాల్చే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. అంతకు ముందే, 1925 నుంచి, అలబామా రాష్ట్రంలోని డెకేటర్‌లో బిగ్ బాబ్ గిబ్సన్ కోళ్లను హికరీ కట్టె పొగలో కాల్చి, మయోనైజ్, వెనిగర్, మిరియాలు కలిపిన తెల్లటి సాస్‌లో ముంచి ఇచ్చేవాడు. ఈ అమెరికా పద్ధతులు రెంటిలోనూ గమనించదగ్గది తీపి లేకపోవడం, పులుపు ఉండడం. చక్కెర, బెల్లం, తేనె, టమాటా సాస్ ఉన్న పూతలు మొదటి నుంచే పూస్తే గంటసేపటి వేడికి మాడి చేదెక్కుతాయి. వాటిని చివరి పది నిమిషాలకే ఉంచాలి. కారప్పొడికీ ఎదురు సెగలో అదే గతి పడుతుంది. బెంగళూరులో తేలిగ్గా దొరికే బ్యాడగి మిరప రంగు ఎక్కువ, కారం తక్కువ కనుక పూతకు బాగా పనికివస్తుంది. గుంటూరు కారం ఇష్టమైనవారు దాన్ని కొద్దిగా నూనెలో కలిపి చివర్లో పూసుకుంటే ఘాటు మిగులుతుంది, మాడు వాసన రాదు. పులుపు కూడా అంతే. నిమ్మరసం కాల్చే ముందు కంటే కాల్చి దించాక పిండితేనే కొవ్వుకు, పొగకు సరైన తోడవుతుంది.

కోడిని పొయ్యి మీద పెట్టే తీరును బట్టి రొమ్ము, తొడల తగువు చాలావరకు తీరుతుంది. అందరికీ సులువైనది వెన్నెముక తీసేసి పరిచే పద్ధతి. కోడిని బోర్లా పెట్టి, గట్టి వంటింటి కత్తెరతో వెన్నెముకకు అటూ ఇటూ తోక నుంచి మెడ దాకా కత్తిరించి దాన్ని తీసేసి, వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద అరచేత్తో గట్టిగా నొక్కితే టక్కుమని శబ్దం వచ్చి కోడి పుస్తకంలా తెరుచుకుంటుంది. బెంగళూరు అరబిక్ హోటళ్లలో అల్ ఫహమ్ పేరుతో వడ్డించేది కూడా ఇలా పరిచి కాల్చిన కోడే. పరిచాక మందం తగ్గుతుంది, చర్మమంతా ఒకే తలంలో పైకి వస్తుంది, తొడలు ఒక కొసన, రొమ్ము ఒక కొసన చేరతాయి. కాళ్ల కొసను నిప్పుల వైపు, రొమ్ము కొసను దూరంగా ఉంచితే తొడకు అందాల్సిన అదనపు వేడి తానే అందుతుంది. తందూరి అలవాటు కొద్దీ గాట్లు పెట్టాలనిపిస్తే తొడకు, కాలికి మాత్రమే పెట్టాలి. రొమ్ముకు పెట్టిన ప్రతి గాటూ నీరు పోయే దారే. కోడిని పరచకుండా నిలబెట్టి కాల్చదలచినవారు కనీసం కాళ్లను కలిపి కట్టేయకుండా వదిలేయడం మంచిది, కడితే తొడ లోపలి వైపుకు వేడిగాలి చేరదు. బీరు డబ్బా మీద కూర్చోబెట్టే పద్ధతికి ఉన్న పేరుకు, ఫలితానికి పొంతన లేదు. కోడి కడుపులో మూసుకుపోయిన డబ్బా మరిగేంత వేడెక్కేలోపే కోడి కాలడం ముగుస్తుంది. మారేడుమిల్లి, అరకు బొంగు చికెన్‌లో ఆవిరి నిజంగానే పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ మాంసం మూసిన వెదురు బొంగు లోపల, బొంగు నిప్పు మీద ఉంటాయి. అక్కడ చర్మం కరకరలాడాలని ఎవరూ కోరుకోరు కూడా.

ఒక కోడికి కిలో నుంచి కిలోన్నర బొగ్గు సరిపోతుంది. బొగ్గులు పూర్తిగా రాజుకుని పైన బూడిద పట్టేదాకా కోడిని దరిదాపులకు తీసుకురాకూడదు. కిరోసిన్‌తో రాజేస్తే ఆ వాసన చివరిదాకా వదలదు. నిప్పులను ఒక పక్కకు నెట్టి, ఖాళీ పక్కన అడుగున వెడల్పాటి పళ్లెంలో కాసిని నీళ్లు పోసి ఉంచితే కారే కొవ్వు అందులో పడుతుంది. కొవ్వు నేరుగా నిప్పుల మీద పడి మండితే వచ్చే మసిలో బెంజోపైరీన్ వంటి హానికర పదార్థాలు ఉంటాయి. నిప్పును పక్కకు పెట్టడం రుచికే కాదు, ఒంటికీ మంచిదన్నమాట. కట్టె ముక్కలు వేసి, తెల్ల పొగ పల్చబడ్డాక కోడిని చర్మం పైకి వచ్చేలా ఖాళీ పక్కన పెట్టి, మూత మీది గాలి కన్నం కోడి తలమీదికి వచ్చేలా మూయాలి. అప్పుడు పొగ కోడి మీదుగా సాగి బయటికి పోతుంది. ఆ తర్వాత అరగంట దాకా మూత తీయకపోవడం ఎంతో ముఖ్యం. తీసిన ప్రతిసారీ వేడి జారిపోతుంది, గాలి తగిలి నిప్పు ఎగుస్తుంది, అది చూసి కన్నాలు మూయడం, పొగ కమరడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పరిచిన కోడి ముప్పావు గంట నుంచి గంట లోపు, పరచనిది గంటంబావు నుంచి గంటన్నర లోపు సిద్ధమవుతుంది. అప్పటికీ చర్మం మెత్తగానే ఉంటే చివరి రెండు మూడు నిమిషాలు చర్మం కిందికి పెట్టి నిప్పుల మీదికి జరిపి, కళ్లు తిప్పకుండా దగ్గరుండి తీయాలి.

సమయం మాత్రం సూచన, నిర్ణయం థర్మామీటర్‌దే. కారే నీరు తెల్లగా ఉంటే ఉడికినట్టు, ఎర్రగా ఉంటే పచ్చి అన్న లెక్క పొగబెట్టిన కోడికి అసలు వర్తించదు. నిప్పు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ కండకు ఎరుపునిచ్చే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్‌తో కలిసి పైపొరలో గులాబీ రంగును శాశ్వతంగా నిలబెడతాయి. లేత బ్రాయిలర్ ఎముకల మూలుగ నుంచి ఊరే రంగు కూడా పూర్తిగా కాలిన తొడను పచ్చిగా చూపించగలదు. అందుకే రొమ్ములో అత్యంత మందమైన చోట ఎముకకు తగలకుండా సూది దింపి, 71 డిగ్రీలు చూపగానే దించితే, పక్కన ఉంచిన పది నిమిషాల్లో అది 74కు చేరుతుంది. సాల్మొనెల్లా తక్షణం నశించే వేడిగా అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే అంకె ఆ 74 డిగ్రీలే. దించే ముందు చూస్తే తొడ 77 దాటి ఉండాలి. రొమ్ము ముందే చేరి తొడ వెనకబడితే కాళ్లను కోసి వాటినొక్కటే తిరిగి పొయ్యి మీద పెట్టడంలో తప్పేమీ లేదు, పళ్లెంలో అందం కాస్త తగ్గినా నోట్లో రుచి నిలుస్తుంది.

థర్మామీటర్ సరిగా ఉందో లేదో చూసుకోవడంలో బెంగళూరువారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఈ నగరం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాదు, 97 దగ్గరే మరుగుతాయి. మరిగే నీళ్లలో ముంచిన థర్మామీటర్ 97 చూపిస్తే అది చెడిపోయినట్టు కాదు, నిజం చెబుతున్నట్టు. విజయవాడలోనో చెన్నైలోనో అదే పరికరం వందకు దగ్గరగా చూపాలి. ఇంకా నమ్మకమైన పరీక్ష ఐసు ముక్కలు నిండిన నీళ్లది. అది ఏ ఊళ్లోనైనా సున్నాయే.

అపార్ట్‌మెంట్ బాల్కనీలో బొగ్గు పొయ్యి వద్దనే నిబంధనను కొందరు చాదస్తంగా భావిస్తారు. అది చాదస్తం కాదు. రాజుకున్న బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, అద్దాల తలుపు వెనక గదిలో నిద్రపోతున్నవారికి అది తెలిసే అవకాశం లేదు. చలిగా ఉందని కుంపటిని గదిలోకి తెచ్చుకోవడం ఎంత ప్రమాదమో, వంట ముగిశాక ఆరని పొయ్యిని బాల్కనీలో వదిలేయడమూ అంతే. పొయ్యికి తెరపి ఉన్న మేడే సరైన చోటు, అదీ నిప్పు పూర్తిగా చల్లారేదాకా ఎవరో ఒకరు అక్కడే ఉంటే.

ఇదంతా బ్రాయిలర్‌కు వర్తించే లెక్క. 1971లో బి.వి. రావు వెంకటేశ్వర హ్యాచరీస్ నెలకొల్పడం మొదలుకొని విస్తరించిన పరిశ్రమ ఈ కోడిని ఆరు వారాల్లో రెండు కిలోలు దాటేలా తీర్చిదిద్దింది. ఆ లేత వయసే దాన్ని గంటలో కాల్చడానికి వీలు కల్పిస్తుంది. నాటుకోడి కథ వేరు. నెలల తరబడి తిరిగి, ఎగిరి, పెరిగిన ఆ కోడి కండలో కొల్లాజెన్ ముదిరి గట్టిపడి ఉంటుంది కనుక, 180 డిగ్రీల పొడి వేడిలో అది మెత్తబడేలోపే ఎండిపోతుంది. నాటుకోడినే బార్బెక్యూ చేయాలని పట్టుదల ఉన్నవారు దాన్ని ముందుగా ఉప్పు, అల్లం, మిరియాలు వేసిన నీళ్లలో సన్నటి మంట మీద తొడ కండ వేలితో నొక్కితే దిగేదాకా ఉడికించి, ఆరబెట్టి, ఆపైన ఇరవై, ముప్పై నిమిషాలు పొగ, సెగ చూపిస్తే పని అవుతుంది. మిగిలిన ఆ నీళ్లను పారబోయకూడదు, చారుకు అంతకన్నా మంచి ఆధారం దొరకదు. రెంటికీ మధ్య దారి కోరుకునేవారికి బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం హెబ్బాళలో అభివృద్ధి చేసిన గిరిరాజ, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ వంటి పెరటి కోళ్లు ఉన్నాయి. వాటిలో మూడు నెలల లోపు పుంజును ఎంచుకుని, ఒక రాత్రికి బదులు రెండు రాత్రులు ఉప్పులో ఉంచి, పొయ్యి వేడిని 150 డిగ్రీల దగ్గరికి తగ్గించి మరో అరగంట ఎక్కువ సమయం ఇస్తే, బ్రాయిలర్‌లో దొరకని మాంసపు రుచి, కొరికితే తెలిసే కండ రెండూ దక్కుతాయి. అలాంటి కోడికి కట్టె ముక్క ఒక్కటి చాలు.